జాతీయవాది

ఒక దేశప్రజలంతా ఒకే జాతి అనీ, ఆ జాతిని పాలించే హక్కు ఆ జాతిదేననీ నమ్మి, అందుకోసం పనిచేసే మనిషి జాతీయవాది. ఆ నమ్మకం జాతీయవాదం, మనమంతా ఒకటన్న భావన జాతీయత, దానికోసం జనం కదిలితే జాతీయోద్యమం. దేశభక్తి వీటికి దగ్గర చుట్టమే గానీ, రాజ్యం ఎవరిదన్న పట్టింపు దానికి తప్పనిసరి కాదు. గురజాడ 1910లో రాసిన 'దేశభక్తి' గీతం పాడిపంటల గురించి, దేశి సరుకుల గురించి మాట్లాడుతుందే తప్ప స్వరాజ్యం కావాలని అడగదు. ఆ గీతం 1913లో అచ్చయింది మాత్రం బందరు నుంచి వెలువడే, పక్కా జాతీయవాద పత్రికలో.

ఆ పత్రిక పేరు కృష్ణాపత్రిక. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు దాన్ని మొదలుపెట్టారు. దివిసీమ మనిషి ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా సంపాదకుడిగా నడిపారు. 1907 ఏప్రిల్‌లో వంగ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరమంతా ఉపన్యాసాలిస్తూ బందరుకూ వచ్చాడు. ఆయన వెంట తిరిగినవాళ్లలో కృష్ణారావు ఒకరు. వందేమాతరం ఉద్యమ వేడి అలా ఈ ఊరికి సూటిగా తగిలింది. ఇంగ్లీషు వర్తకులు కోరమండల్ తీరంలో మొదటి కొఠీ పెట్టింది కూడా ఇక్కడే, 1611లో, ఇక్కడి బట్టల కోసమే. మూడు వందల ఏళ్లు తిరక్కముందే అదే రేవులో విదేశీ బట్ట వద్దన్న కేక లేచింది.

కేకతో ఆగకపోవడమే బందరు ప్రత్యేకత. కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తి వదులుకుని, కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. సర్కారు కొలువుకు తయారుచేసే చదువుకు బదులుగా పుట్టిన బడి అది. పుస్తకాల చదువు పక్కనే మగ్గాలు, వడ్రంగం, యంత్రాల పని, చిత్రలేఖనం ఉండేవి. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోద కుమార చటోపాధ్యాయ దగ్గర అడివి బాపిరాజు అక్కడే కుంచె పట్టారు. తర్వాత ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఇక్కడ 'జాతీయ' అన్న విశేషణానికి అర్థం ఒక్కటే: సర్కారుది కానిది.

భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఆ కళాశాల అధ్యాపకుడే. పత్తి మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్న ఈయన 1916లో దేశానికో జెండా ఉండాలంటూ నమూనాలతో ఇంగ్లీషులో చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశం సమయంలో గాంధీ కోరిక మీద జెండా గీసిచ్చారు. జెండా కాగితం మీద ఉన్నంతకాలం ముచ్చటే. 1930లో బందరు కోనేరు సెంటరులో దాన్ని ఎగరేయబోయిన మల్లయోధుడు తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు.

కళాశాల పేరులో 'జాతీయ'కు ముందు 'ఆంధ్ర' ఉందని గమనించాలి. తెలుగులో జాతి అంటే భారత జాతీ కావచ్చు, ఆంధ్ర జాతీ కావచ్చు, వాడుకలో కులమూ కావచ్చు. బందరు పెద్దలకు మొదటి రెండింటి మధ్య పేచీ కనిపించలేదు. పట్టాభి ఆంధ్ర రాష్ట్రం కోసం వాదించారు, 1948లో కాంగ్రెసు అధ్యక్షుడూ అయ్యారు. పేచీ మూడో అర్థంతో వచ్చింది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి వీరావేశపు దేశభక్తి గీతాలు రాస్తూనే, పురాణాలను తిరగరాసి కులాధిక్యాన్ని చీల్చి చెండాడారు. ఒకే జాతి అనేవాళ్లు లోపలి మెట్లను ఎలా సమర్థిస్తారన్న ఆయన నిలదీత, నిజానికి జాతీయవాదానికి ఎదురైన గట్టి పరీక్ష.

'జాతీయ' మాటల కుటుంబంలోనే ఇంకో మాట 'జాతీయం చేయడం', అంటే ప్రైవేటు సంస్థను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం. పట్టాభి 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకును 1980 ఏప్రిల్‌లో మరో 5 బ్యాంకులతో పాటు జాతీయం చేశారు. 1910 నాటి కళాశాల పేరులో సర్కారుకు ఎడంగా నిలబడిన విశేషణం, అదే మనిషి పెట్టిన బ్యాంకు దగ్గరకొచ్చేసరికి సర్కారు యాజమాన్యానికి గుర్తయింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.