గోడ మీది గీత, గీసిన చేయి: జన్‌గఢ్ సింగ్ శ్యామ్ వారసత్వం, చంద్రపూర్ నేపథ్యం

రైల్వే శాఖ స్టేషన్ల సుందరీకరణకు దేశమంతటా పోటీ పెట్టి 2018లో ఫలితాలు ప్రకటించింది. మొదటి బహుమతి 10 లక్షల రూపాయలు మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా స్టేషన్లకు దక్కింది. మధుబని, మదురైలకు రెండో స్థానం వచ్చింది. మూడో స్థానం పంచుకున్న స్టేషన్లలో మన సికింద్రాబాద్ కూడా ఉంది. ఢిల్లీ రైలెక్కే తెలుగువాళ్లకు బల్లార్షా బాగా తెలిసిన చోటు. తాడోబా పులులు, అడవి జంతువులు, ఆదివాసీ జీవితం ఆ రెండు స్టేషన్ల గోడలకెక్కాయి. బహుమతి స్టేషన్ల పేరు మీద వచ్చింది, వార్తలూ స్టేషన్ల పేరు మీదే వచ్చాయి. గీసిన చేతుల గురించి అడిగినవాళ్లు తక్కువ. గోండు నేలలో ఆ ప్రశ్న వేయకుండా కుడ్యచిత్రం గురించి మాట్లాడటం కుదరదని నా అభిప్రాయం. అందుకు గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ జీవితమే ఆధారం.

చంద్రపూర్ గోండు రాజుల రాజధాని. సంప్రదాయ కథనం ప్రకారం వాళ్ల తొలి రాజధాని నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్. అక్కడి నుంచి బల్లార్షాకు, ఖాండక్యా బల్లాల్ షా కాలంలో చంద్రపూర్‌కు మారింది. జట్‌పురా, పఠాన్‌పురా, బింబా, అచలేశ్వర్ ద్వారాలతో ఊరి చుట్టూ లేచిన కోటగోడ ఇప్పటికీ ఉంది. 1964 దాకా చాందా అన్న పేరుతోనే నడిచిన ఈ జిల్లాలో, 1982లో గడ్చిరోలి విడిపోయే వరకు తెలుగు మాట్లాడే సిరొంచ కూడా భాగమే. ఆదిలాబాద్ రాజ్‌గోండుల చరిత్రను చాందా నుంచి విడదీసి రాయలేం.

ఆ చరిత్రను నిలబెట్టింది కాగితం కాదు, ప్రధాన్‌లు. వీళ్లు గోండుల వంశగాథలు పాడే సమూహం. ఆదిలాబాద్ వైపు వాళ్ల చేతిలో కీక్రి ఉంటుంది, నర్మద ఎగువన బానా ఉంటుంది. రెండూ కమానుతో వాయించే తీగవాద్యాలే. ఏడుగురు గోండు అన్నదమ్ముల్లో చిన్నవాడు గోండుల పెద్దదేవుడైన బడాదేవుణ్ణి మెప్పించడానికి బానా తయారుచేశాడని, ప్రధాన్‌లు అతని సంతతి అని వాళ్ల కథ. గోండు దాత ఇంటికి వెళ్లి వంశం పాడటం, ధాన్యమో పశువో కానుకగా తెచ్చుకోవడం వాళ్ల బతుకుతెరువు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల గురించి మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో గ్రంథం వెలువరించాడు. నర్మద ఎగువ ప్రధాన్‌ల గురించి శ్యామ్‌రావ్ హివాలే 1946లోనే రాశాడు. హివాలే, వెరియర్ ఎల్విన్ కొంతకాలం నివాసమున్న పల్లె పాటన్‌గఢ్. జన్‌గఢ్ పుట్టింది ఆ పల్లెలోనే, 1960ల తొలినాళ్లలో, ప్రధాన్ కుటుంబంలో.

ఆ ప్రాంతపు ఇళ్లలో పండుగకో పెళ్లికో ఆడవాళ్లు గోడలు, నేల పేడతో అలికి, జాజు, సుద్ద, బొగ్గు, పసుపుపచ్చ మట్టితో డిగ్నా వేస్తారు. మన ముగ్గులాగే అది మళ్లీ మళ్లీ వేయాల్సిందే. 1981లో భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఊరూరా తిరుగుతూ పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద హనుమంతుడి బొమ్మ చూసి ఆగింది. ఆ బొమ్మ వేసిన కుర్రవాడు జన్‌గఢ్‌ను భోపాల్ తీసుకెళ్లారు. 1982 ఫిబ్రవరిలో భారత్ భవన్ తలుపులు తెరిచినప్పుడు అతని చిత్రాలు ప్రదర్శనలో ఉన్నాయి. తర్వాత అక్కడి ముద్రణ విభాగంలోనే ఉద్యోగం. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వ శిఖర్ సమ్మాన్.

అతని బొమ్మను దగ్గర నుంచి చూడాలి. జింక ఒంటి అంచు ఒకే గీతగా సాగుతుంది. లోపల రంగు నింపి వదిలేయడు. చుక్కల వరుసలు, చిన్న చిన్న గీతలు, అలల్లాంటి వంపులు ఒంటి మలుపుల్ని అనుసరిస్తూ పోతాయి. ఆ చుక్కల్లో ఆ ప్రాంతపు పచ్చబొట్ల పోలిక కనిపిస్తుంది. కొమ్ములు పైకి పోతూ పోతూ చెట్టు కొమ్మలవుతాయి. అంతకుముందు గోండు దేవతలకు ఆ ఊళ్లో బొమ్మల రూపం లేదు. బడాదేవుడు మద్దిచెట్టులో ఉంటాడు, పాటలో పలుకుతాడు, అంతే. పాటలో మాత్రమే ఉన్న దేవుడికి మొదటిసారి కన్ను, ముక్కు, కాలు ఇచ్చినవాడు జన్‌గఢ్. డిగ్నా మీద సాగిన చేయి అది, ప్రధాన్ పాట విన్న చెవి అది. గోండు చిత్రకళ అనాదిగా ఇలాగే ఉందని తరచూ రాస్తుంటారు. ఆ మాట ఒప్పుకుంటే ఈ మనిషి చేసిన పని మొత్తం కనబడకుండా పోతుంది. ఈ శైలికి ‘జన్‌గఢ్ కలం’ అన్న పేరు స్థిరపడటం న్యాయం.

చార్లెస్ కొరియా రూపొందించిన భోపాల్ విధాన భవన్ గోడల మీద అతను పెద్ద చిత్రాలు వేశాడు. 1989లో పారిస్ పాంపిడూ సెంటర్ నిర్వహించిన ‘మెజీసియాఁ ద లా తేర్’ ప్రదర్శనలో పాల్గొన్నాడు. అదే ఏడాది అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్ ఇటలీలోని పీసాలో ఒక చర్చి ఆవరణ గోడ మీద ‘తుత్తోమోందో’ వేశాడు. అతనూ గోడ నుంచే వచ్చినవాడు. న్యూయార్క్ మెట్రో స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకలకు అంటించిన నల్ల కాగితాల మీద సుద్దముక్కతో గీస్తూ పేరు తెచ్చుకున్నాడు. మరణించడానికి ముందే తన పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టి, బొమ్మల మీద హక్కులకు, వచ్చే డబ్బుకు ఏర్పాటు చేసి వెళ్లాడు. జన్‌గఢ్‌కు అలాంటి రక్షణ ఏదీ లేకపోయింది.

2001లో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో, తోకామాచి దగ్గరున్న మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్లాడు. ఆ మ్యూజియంకు వెళ్లడం అతనికి కొత్త కాదు, కూతురికి జపానీ అని పేరు పెట్టుకున్నవాడు. ఆసారి ఉండాల్సిన గడువు పొడిగించారు. ఇంటికి రావాలని అతను తపించాడు. జులై మొదటి వారంలో అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి దాదాపు నలభై ఏళ్లు. ఏ షరతుల మీద వెళ్లాడు, ఎంత జీతానికి, ఎవరి పూచీ మీద అని కళాకారులు నిలదీశారు. ఈ దేశంలో ఆదివాసీ కళాకారుడి ఒప్పందపత్రం గురించి గట్టిగా చర్చ జరిగింది అతను పోయాకే. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తర్వాత కూడా కలం ఆగలేదు, ఎందుకంటే భోపాల్‌లో ఉన్నంతకాలం అతను ఊరి నుంచి బంధువుల్ని పిలిపించుకుని, తన ఇంట్లోనే ఉంచుకుని పని నేర్పాడు. భార్య నన్కుసియా, పిల్లలు మయాంక్, జపానీ చిత్రకారులయ్యారు. భజ్జూ శ్యామ్ లండన్ అనుభవాలతో చేసిన ‘ది లండన్ జంగిల్ బుక్’ను 2004లో చెన్నై తారా బుక్స్ ప్రచురించింది. 2018లో అతనికి పద్మశ్రీ వచ్చింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయన’గా గీశారు. దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ. ఢిల్లీ వీధుల్లో రిక్షా తొక్కిన వెంకట్ రామన్ సింగ్ శ్యామ్, జన్‌గఢ్ దగ్గర పని నేర్చుకుని, 2008 ముంబయి దాడుల మీద బొమ్మలు వేశాడు. వీధి ఈ కలంలోకి వచ్చింది అలా.

చంద్రపూర్ స్టేషన్ గోడల్ని ఈ కొలమానంతో చూస్తే వాటి విలువ తగ్గదు. రోజూ వేలమంది నడిచే చోట అడవినీ ఆదివాసీనీ నిలబెట్టడం చిన్న పని కాదు, పైగా బొగ్గుగనుల ఊళ్లో. కానీ పులి బొమ్మ ఎవరైనా వేయగలరు. గోండు రాజధానిలో గోండు కథ గోడకెక్కాలంటే ఆ కథ తెలిసిన మనిషి కావాలి. రంగు వెలిసి మళ్లీ వేయించేటప్పుడు తొలి చిత్రకారుణ్ణే పిలవాలన్న షరతు, గోడ మీదే పేరు, కూలి కాక పారితోషికం, ఇవి పనిపత్రంలో ముందే ఉండాలి.

తెలంగాణ వైపు ఈ పని మరింత తేలిక. ఆదిలాబాద్ ప్రధాన్‌లు ఇంకా కీక్రి వాయిస్తున్నారు, కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశ గాథ ఇంకా పాడుతున్నారు. ఉట్నూరులోనో సిర్పూర్‌లోనో ప్రభుత్వం గోడకు రంగు వేయించదలిస్తే, నగరం నుంచి చిత్రకారుణ్ణి తీసుకొచ్చే ముందు ఒక ప్రధాన్‌నూ, గీత వచ్చిన ఒక గోండు కుర్రవాణ్ణో అమ్మాయినో ఒకే గోడ ముందు కొన్ని నెలలు జీతమిచ్చి కూర్చోబెట్టవచ్చు. స్వామినాథన్ భోపాల్‌లో చేసింది ఇంచుమించు అదే.