సూరతు సీమలో సామర్థ్యముల చదువు

తాపీ నదీతీరమున, బార్డోలీకి చేరువనున్న హరిపురా గ్రామమున 1938 ఫిబ్రవరిలో భారత జాతీయ కాంగ్రెసు 51వ మహాసభ జరిగినది. అధ్యక్షుడు సుభాస్ చంద్ర బోసు. సభానగరమునకు విఠల్‌భాయి పటేలు పేర విఠల్‌నగర్ అని నామకరణము చేసిరి. అధ్యక్షుని రథమును 51 ఎడ్లు లాగిన వైభవమును, నందలాల్ బోసు గ్రామజీవనమును చిత్రించి అలంకరించిన పటములను నేటికిని చరిత్రకారులు తలంచుచునే యుందురు. అదే సభలో ప్రాథమిక విద్యను గురించి ఆమోదింపబడిన తీర్మానమును తలచువారు మాత్రము అరుదు. ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఉత్పాదకమగు చేతిపని కేంద్రముగా సకల పాఠ్యాంశముల అల్లిక - ఇవి ఆ తీర్మానమునకు ప్రాణము.

విద్యార్థి ఎన్ని పాఠములు వినెనన్నది గాక, విని ఏమి చేయగలిగెనన్నదే చదువునకు కొలత కావలెనను వాదమును నేడు సామర్థ్యాధారిత విద్య అనుచున్నారు. 2020 జాతీయ విద్యావిధానము పిమ్మట ఈ మాట ప్రతి పాఠశాలకును చేరినది. ఇది నూతన భావమని పలువురు తలంచుచున్నారు గాని, దీని పూర్వచరిత్రలో ఒక ముఖ్యఘట్టము సూరతు జిల్లా మట్టిపైననే నడచినది.

అంతకు ముందే ఈ కొలతకు ఒక వికృతరూపమును దేశము చవిచూచియున్నది. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన నిబంధనావళి ప్రకారము, పరీక్షాధికారి యెదుట చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట అను మూడింటిలో పిల్లలు కనబరచిన ఫలితములనుబట్టి పాఠశాలకు గ్రాంటు లభించెడిది. 1860 దశకమున ఆ పద్ధతియే బొంబాయి, మద్రాసు రాజధానులకును దిగుమతియైనది. ఉపాధ్యాయుని జీవనము ఫలితముపై ఆధారపడగా, ఫలితము కంఠస్థముపై ఆధారపడినది. పాఠశాలల తనిఖీదారుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డు అంతటివాడు ఈ యాంత్రికతను నిరసించెను. పుస్తకము తెరవకయే పాఠమప్పగించు బాలుడు పరీక్షలో నెగ్గుచుండెను. వానికి చదువు వచ్చినదా యని ఎవ్వరును అడుగలేదు.

గాంధీజీ ఆలోచన దీనికి భిన్నమైనది. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యాసభ జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించగా, ఆ సంఘము డిసెంబరు 2వ తేదీకే నివేదికను సమర్పించినది. అందలి దినచర్య నేటి పాఠకునకు ఆశ్చర్యము గొలుపును. ఐదున్నర గంటల పాఠశాలలో మూడు గంటల ఇరువది నిమిషములు చేతిపనికే కేటాయింపబడినవి. సంగీతము, చిత్రలేఖనము, గణితము కలిపి నలుబది నిమిషములు, మాతృభాషకు నలుబది, సాంఘిక, సామాన్య శాస్త్రములకు ముప్పది, వ్యాయామమునకు పది, విరామమునకు పది.

అయితే చేతిపనియనగా కేవలము పని కాదు. తకిలీ త్రిప్పు బాలుడు తీసిన నూలును కొలువవలెను, తూచవలెను. 840 గజముల చిలపలు ఎన్ని కలిసిన ఒక పౌను తూగునో అదియే నూలు నంబరు. 20 చిలపలు తూగిన అది 20వ నంబరు నూలు. ఈ ఒక్క లెక్కలోనే గుణకారము, భాగహారము, భిన్నములు ఇమిడియున్నవి. ప్రత్తి ఏ నేలలో పండును, ఏ దేశమునుండి ఏ దేశమునకు పోయెను, మన నేతగాని మగ్గము ఎట్లు మూలబడెను అను ప్రశ్నలు భూగోళమునకును చరిత్రకును దారితీయును. తరగతివారీగా తకిలీపై, రాట్నముపై ఎంత వేగముతో ఎట్టి నూలు వడుకవలెనో పాఠ్యప్రణాళిక నిర్ణయించినది. నూలు తెగినదా, నిలిచినదా యనునదే పరీక్ష. కంఠస్థము చేసి నూలు తీయుట ఎవ్వరి తరమును గాదు! సామర్థ్యమును కొలుచుటకు ఇంతకు మించిన నిజాయితీగల త్రాసు దొరకుట కష్టము.

హరిపురా తీర్మానఫలముగా హిందుస్తానీ తాలీమీ సంఘము ఏర్పడి, ఆర్యనాయకము, ఆశాదేవి దంపతుల నిర్వహణలో సేవాగ్రామమున పనిచేసినది. బొంబాయి రాష్ట్రమున బి. జి. ఖేర్ మంత్రివర్గము ఈ ప్రయోగమునకు పూనుకొనినది గాని, 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేయుటతో అధికారబలము సన్నగిల్లినది. సూరతు సీమలో దీపమును నిలిపినది ప్రభుత్వము గాదు, ఆశ్రమములు. నాటి సూరతు జిల్లాలో, నేటి తాపీ జిల్లాలో ఉన్న వేడ్ఛీ గ్రామమున జుగత్‌రామ్ దవే ఆదివాసి బాలబాలికల నడుమ దశాబ్దముల తరబడి ఈ విద్యను సాగించెను. 1985లో ఆయన కన్నుమూయునాటికి అక్కడి వారికి రాట్నము, సేద్యము, గోశాల పాఠ్యపుస్తకములతో సమానమైనవి. గుజరాతులో ఉత్తర బునియాదీ పాఠశాలలను పేరు ఆ వారసత్వముననే నిలిచినది.

దేశమంతటను ఈ పథకము ఏల నిలువలేదు? కారణములు పలువురు పలువిధముల చెప్పిరి. పిల్లలు వడికిన నూలు అమ్మి పాఠశాల ఖర్చు రాబట్టవచ్చునను ఆశ అడియాసయైనది. చేతిపనినుండి గణితమును రాబట్టగల ఉపాధ్యాయులు కొరవడిరి. రాట్నము ఒక మూలను, పుస్తకము మరొక మూలను మిగిలినవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది పేదల పిల్లలకు ఉద్దేశించిన చదువని పట్టణవాసులు తమ బిడ్డలను దూరముగా ఉంచిరి. 1964-66 నాటి కొఠారీ కమిషను దీని స్థానమున ‘పని అనుభవము’ అను పలుచని మాటను ఉంచినది.

కొలత మాత్రము మరల వచ్చినది. 1990లో ఆర్. హెచ్. దవే అధ్యక్షతన ఏర్పడిన సంఘము భాష, గణితము, పరిసరముల విజ్ఞానములలో ఒకటి మొదలు ఐదు తరగతులవరకు కనీస అభ్యసన స్థాయిలను పట్టికలుగా రచించినది. ఆ పట్టికలు ఉపాధ్యాయునకు స్పష్టతనిచ్చిన మాట నిజమే. కాని పడుగును పేకను విడదీసి పోగులను లెక్కించినచో గుడ్డ ఎక్కడ? జ్ఞానమును ముక్కలు చేయుచున్నదని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ఈ పద్ధతిని విమర్శించినది. గుజరాతు ప్రభుత్వము 2009లో గుణోత్సవమను పేర పాఠశాలల మదింపును ఆరంభించగా, 2021 జూలై 5న కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్‌ను ప్రకటించి, 2026-27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డకును చదువు, లెక్క రావలెనని గడువు పెట్టినది.

ఇచ్చటనే సూరతు తెలుగువారి ప్రస్తావన వచ్చును. చేనేత క్షీణించగా తెలంగాణమునుండి మరమగ్గములవైపు వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ నగరమున, విశేషించి లింబాయత్ ప్రాంతమున, స్థిరపడినవి. నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లములతోపాటు తెలుగు మాధ్యమమునను బడులు నడుపుచున్నది. పరాయిరాష్ట్రపు నగరసంస్థ తెలుగులో ఓనమాలు దిద్దించుట సామాన్యవిషయము గాదు. నూలు నంబరు తాతతండ్రుల నోట వినిన వంశములవారి పిల్లలు ఆ బడులలో ఇప్పుడు నిమిషమునకు ఇన్ని పదములు చదువవలెనను కొలతకు గురియగుచున్నారు.

నిపుణ్ లక్ష్యసూచిలో రెండవ తరగతికి నిమిషమునకు 45 నుండి 60 పదములు, మూడవ తరగతికి కనీసము 60 పదములు అని యున్నది. పదమనగా ఏమి? ‘వస్తున్నానన్నాడు’ అనునది తెలుగు బాలునకు ఒకే పదము. ఆ అర్థమునే హిందీలో వ్రాసిన ఏడు పదములు, గుజరాతీలో ఆరు పదములు అగును. ఒకే బడి ఆవరణలో ప్రక్కప్రక్క గదులలో కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే భావమును ఒకే వేగముతో చదివినను, లెక్కలో ఒకడు వెనుకబడును. ఆ వెనుకబాటు బిడ్డది గాదు, గజముబద్దది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో మూడవ తరగతి పిల్లలపై 20 భాషలలో జరిపిన ప్రాథమిక అభ్యసన అధ్యయనమున ఈ సంగతిని గుర్తించి, తెలుగుతో సహా ప్రతి భాషకును పఠనవేగపు ప్రమాణమును వేరువేరుగా నిర్ణయించిరి. చదివినదానిని బిడ్డ గ్రహించెనా యను ప్రశ్నను కూడ అందు చేర్చిరి. సూరతు తెలుగు బడులలో ఉపాధ్యాయుడు బిడ్డ ప్రగతిని నమోదు చేయునపుడు ముందుగా అడుగవలసినది, తన చేతనున్న పట్టిక ఈ రెండింటిలో దేనిని అనుసరించుచున్నదనియే.