ప్రసార నిర్వహణ వ్యవస్థ: క్యూషీటు నుంచి సర్వరు దాకా

ఏ కార్యక్రమం ఏ నిమిషానికి మొదలవ్వాలి, దాని టేపు లేదా ఫైలు ఎక్కడుంది, ప్రసార హక్కులు ఎప్పటిదాకా ఉన్నాయి, అనుకున్నది అనుకున్నట్టు ప్రసారమైందా: టీవీ ఛానెల్లోనూ రేడియో కేంద్రంలోనూ ఈ లెక్కలన్నీ చూసుకునే ఏర్పాటును ప్రసార నిర్వహణ వ్యవస్థ అంటారు. పనిచేసేవాళ్ల వాడుకలో అది ‘బీఎంఎస్’, పాతవాళ్ల నోట ‘ట్రాఫిక్’. వాణిజ్య ఛానెళ్లలో ఇది ప్రధానంగా ప్రకటనల చుట్టూ పెరిగింది. ఏ ప్రకటన ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు, బిల్లు ఎంత అన్నదే దాని ప్రాణం. తిరుపతి నుంచి ప్రసారమయ్యే శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెల్ (ఎస్వీబీసీ) విషయంలో ఆ స్థానం పంచాంగానిది. ఒక సంస్థ పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఎదురయ్యే చిక్కులు అందుకే ఇక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

కాగితం కాలం

తెలుగువాళ్లకు ఈ పద్ధతిని నేర్పింది ఆకాశవాణి. 1938లో మొదలైన మద్రాసు కేంద్రం, 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం, 1963లో రాయలసీమకు వచ్చిన కడప కేంద్రం, అన్నీ ఒకే క్రమంలో నడిచాయి. వారం పొడవునా ఏ వేళకు ఏ తరహా కార్యక్రమమో చెప్పేది ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు. ఆ రోజుకు సంబంధించిన వివరమంతా క్యూషీటులో ఉండేది. డ్యూటీ ఆఫీసర్ దాన్ని ముందుపెట్టుకుని కూర్చునేవారు. జరిగినదంతా లాగ్‌బుక్కులోకి ఎక్కేది. ప్రసంగం రెండు నిమిషాల ముందే ముగిసిపోతే ఆ ఖాళీలో వీణో వేణువో వినిపించేది. శ్రోతలు దాన్నీ కార్యక్రమంలో భాగమనుకుని హాయిగా వినేవారు.

నేటి సాఫ్ట్‌వేర్లలో ఉన్న భాగాలన్నీ ఆ బల్లమీద అప్పుడే ఉన్నాయి. చార్టు టెంప్లేటుగా, క్యూషీటు ప్లేలిస్టుగా, లాగ్‌బుక్కు ‘యాజ్ రన్’ లాగుగా పేర్లు మార్చుకున్నాయి. అయితే కాగితం మీద లేని సంగతులు కొన్ని డ్యూటీ ఆఫీసర్ బుర్రలో ఉండేవి. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించడం దగ్గరే తర్వాతి తరాల కష్టాలు మొదలయ్యాయి.

టేపు పోయి ఫైలు వచ్చింది

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. భారతదేశం నుంచి ప్రైవేటు ఛానెళ్లు ఉపగ్రహానికి నేరుగా సంకేతాలు పంపేందుకు ఆ రోజుల్లో అనుమతి లేదు. దేశంలోని చాలా ప్రైవేటు ఛానెళ్లు టేపులను విమానాల్లో విదేశీ భూకేంద్రాలకు పంపుకునేవి. టేపులతోపాటు వాటి వరుసను చెప్పే జాబితా కూడా వెళ్లాలి. జాబితాలో ఒక అంకె తప్పితే ఇక్కడ కూర్చుని సరిదిద్దే వీలు లేదు. ప్రతి టేపుకూ తిరుగులేని ఒక సంఖ్య ఉండాలన్న పట్టుదల ఇలాంటి అవసరాల నుంచే బలపడింది. ఆ ‘హౌస్ ఐడీ’ ఇప్పటికీ ఈ వ్యవస్థలకు పునాది.

2008 ఈ చరిత్రలో ఆసక్తికరమైన ఏడాది. కార్యక్రమాల జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేరూ దాన్ని ప్రసారం చేసే యంత్రమూ ఒకే భాషలో మాట్లాడుకునేలా బీఎక్స్‌ఎఫ్ అనే ప్రమాణాన్ని అమెరికాకు చెందిన సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ ఆ ఏడాదే తెచ్చింది. క్లౌడ్ ద్వారా ఛానెళ్లు నడిపించే అమాగీ సంస్థ బెంగళూరులో పుట్టిందీ అప్పుడే. లండన్‌లో బీబీసీ తన టేపులన్నిటికీ వీడ్కోలు చెప్పే భారీ పథకం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. అదే 2008 జులై 7న రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా ఎస్వీబీసీ ప్రారంభమైంది. ఛానెల్‌ను నడిపే తిరుమల తిరుపతి దేవస్థానం (టీటీడీ) పాలకమండలికి అప్పుడు అధ్యక్షుడు భూమన కరుణాకర్ రెడ్డి.

టేపు వాడకానికి గట్టి దెబ్బ మాత్రం ఎవరూ ఊహించని వైపు నుంచి వచ్చింది. 2011 మార్చిలో జపాన్‌ను ముంచిన సునామీలో సెందాయ్ దగ్గరి సోనీ టేపుల కర్మాగారం దెబ్బతింది. ప్రపంచమంతా టేపుల కొరత. ఎప్పుడో చూద్దాంలే అనుకున్న ఛానెళ్లు ఫైళ్ల వైపు పరుగుతీశాయి.

పంచాంగం నడిపే ఛానెల్

ఎస్వీబీసీ దినచర్యకు మేకులు కొట్టేది గుడి గంట. మధ్యాహ్నం 12 గంటలకు కల్యాణోత్సవం, సాయంత్రం సహస్ర దీపాలంకార సేవ ప్రత్యక్షంగా వస్తాయి. వాటి మధ్య ప్రవచనాలు, సంకీర్తనలు, నాదనీరాజనం వేదిక కచేరీలు సర్దుకోవాలి. వాణిజ్య ఛానెల్లో ప్రత్యక్ష ప్రసారం ఆలస్యమైతే ప్రకటనలు అటూ ఇటూ జరిపి సర్దుతారు. ఎస్వీబీసీని ప్రకటనలు లేని ఛానెల్‌గా మార్చాలని టీటీడీ 2020లో నిర్ణయించింది. భక్తులకు అది సంతోషకరమైన మాటే గానీ, షెడ్యూలు వేసేవారికి ఉన్న సర్దుబాటు ఖాళీ ఒకటి దాంతో పోయినట్టే. ఊరేగింపు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పది నిమిషాలకూ సంకీర్తనో, మాడవీధుల దృశ్యమో ఉండాలి. ఆకాశవాణి వీణ, వేణువు ఇక్కడ మరో రూపంలో పనికొస్తాయి.

మార్కెట్లో దొరికే బీఎంఎస్‌లు వారం, నెల, మూడు నెలలు అనే లెక్కలో ఆలోచిస్తాయి. తిరుమలలో ఆ లెక్క చాలదు. ధనుర్మాసం నెల రోజులూ సుప్రభాతం బదులు తిరుప్పావై పఠిస్తారు. వైకుంఠ ఏకాదశి ఏటా వేరే తేదీకి వస్తుంది. గ్రహణం రోజు ఆలయం తలుపులు మూసేస్తారు. 2022లో పద్నాలుగు రోజుల తేడాతో అక్టోబర్ 25న సూర్యగ్రహణం, నవంబర్ 8న చంద్రగ్రహణం వచ్చాయి. రెండు రోజులూ ఉదయం మూసిన తలుపులు రాత్రికి గానీ తెరుచుకోలేదు. మధ్యాహ్న కల్యాణోత్సవాన్ని ‘నిత్యం’ అని గుర్తుపెట్టుకున్న సాఫ్ట్‌వేరుకు ఇలాంటి రోజు సంగతి మనిషే చెప్పాలి.

2020 మార్చి 20 నుంచి కరోనా కారణంగా భక్తుల దర్శనం ఆగింది. తిరిగి జూన్‌లో గానీ మొదలవ్వలేదు. ఆ నెలల్లో కోట్లమందికి ఆలయంతో మిగిలిన దారి టీవీ తెరే. ఆ ఏడాదే నాదనీరాజనం వేదిక మీది సుందరకాండ పారాయణానికి ఇంటింటా పుస్తకం తెరిచి గొంతు కలిపారు. ఆ ఏడాది సెప్టెంబర్ 19 నుంచి 27 వరకు బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. మాడవీధుల కోసం ఏళ్లుగా కుదిరిన కెమెరా స్థానాలు, సమయాలు, వ్యాఖ్యానాలు అన్నీ ఆలయం లోపలి మండపానికి తగ్గట్టు మారాయి.

భాషలు పెరగడం మరో మలుపు. తెలుగు తర్వాత తమిళం వచ్చింది. 2021 అక్టోబర్‌లో, మళ్లీ ఏకాంత బ్రహ్మోత్సవాల వేళ, కన్నడ, హిందీ ఛానెళ్లు మొదలయ్యాయి. వాహనసేవ ఒకటే, దృశ్యం ఒకటే, వ్యాఖ్యానం నాలుగు భాషల్లో. వాహనం వాహన మండపం చేరగానే నాలుగు ప్లేలిస్టులూ నాలుగు దారులు పడతాయి. ఒక ఛానెల్ కోసం కట్టిన వ్యవస్థ నాలుగింటిని మోయాలంటే ఎంత అతుకు వేసినా చాలదు. మార్పిడి ఆలోచన ఎక్కడైనా సాధారణంగా పుట్టేది ఇలాంటి దశలోనే.

తిరుమంజనం లాంటి పని

తిరుమలలో ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం చేస్తారు. గర్భాలయం మొదలు అంతా కడిగి, పరిమళ జలం చల్లాకే ఉత్సవం. పాత వ్యవస్థలోని సమాచారాన్ని కొత్తదానికి తరలించే ముందు చేయాల్సిన శుద్ధి కూడా అంత వివరంగానే ఉండాలి, నిజానికి అంతకంటే ఎక్కువ విసుగు పుట్టిస్తుంది.

భక్తి ఛానెల్ భాండాగారాన్నే తీసుకోండి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశారని ప్రతీతి. రాగిరేకుల్లో దొరికినవి 12 వేలకు పైమాటే. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో చేరిన గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ మొదలు ఎందరో గాయకులు ఒకే కీర్తనను వేర్వేరు బాణీల్లో పాడారు. ఒకరు పల్లవితో పేరు రాస్తారు, ఇంకొకరు రాగంతో. ఒక చోట అన్నమయ్య, మరో చోట అన్నమాచార్య, వేరొక చోట తాళ్లపాక వారు. మనిషికి ఇదంతా ఒకటే, యంత్రానికి ముగ్గురు కవులు. దీనికితోడు తెలుగు అక్షరాల బెడద ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, పత్రికల్లో, టీవీల్లో యూనికోడ్ కాని అను ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. ఆ ఫాంట్లలో కొట్టిన శీర్షికను కొత్త వ్యవస్థలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

ఊళ్ల పేర్లకూ తంటా తప్పదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. శ్రీకాళహస్తి అందులోకి వెళ్లింది, కాణిపాకం చిత్తూరులోనే ఉంది. ‘చిత్తూరు జిల్లా ఆలయాలు’ అని పేరుపెట్టిన పాత ఫైలు దొరకాలంటే రెండు జిల్లాల పేర్లతోనూ వెతికే ఏర్పాటు కావాలి. ఇంతకంటే పెద్ద విభజన దూరదర్శన్ చూసింది. ఏడుకొండల పేరు పెట్టుకున్న సప్తగిరి ఛానెల్ ఒకప్పుడు హైదరాబాద్‌ది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ పేరు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, తెలంగాణకు యాదగిరి దక్కింది.

తడబాటు, తమాయింపు

పెద్ద సంస్థ కాబట్టి మార్పిడి సాఫీగా సాగుతుందన్న భరోసా లేదు. 2008లో బీబీసీ మొదలుపెట్టిన డిజిటల్ మీడియా ఇనిషియేటివ్ 2013 మేలో రద్దయింది. నష్టం 9.84 కోట్ల పౌండ్లు. పని చేసేవారి అవసరాలు పదేపదే మారడం, పర్యవేక్షణ బలహీనంగా ఉండడం కారణాలుగా తేలాయి.

అందుకే అనుభవజ్ఞులు రెండు వ్యవస్థలనూ కొన్ని వారాలు పక్కపక్కన నడుపుతారు. పాతది ప్రసారం చేస్తుంటే కొత్తది నీడలా అదే జాబితాను లెక్కిస్తుంది. రోజు చివర రెండు లాగులనూ సరిపోలుస్తారు. వెనక్కి వెళ్లే దారి మూయరు. మన దేశంలో ప్రసారమైన ప్రతిదాన్నీ 90 రోజులు భద్రపరచాలన్న నిబంధన ఉంది కాబట్టి, మారే రోజున రికార్డింగులో ఒక్క గంట కూడా ఖాళీ పడకూడదు. తిరుపతిలో అలాంటి పనికి ముహూర్తం వెతకడం మరో కసరత్తు. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, బ్రహ్మోత్సవాలు, తిరుచానూరు పంచమీ తీర్థం పక్కన పెడితే మిగిలే తీరిక రోజులు తక్కువ.

అధికమాసం వచ్చిన ఏడాది అవి ఇంకా తగ్గుతాయి. 2018, 2020, 2023లలో జరిగినట్టే అలాంటి ఏడాది సాలకట్ల, నవరాత్రి బ్రహ్మోత్సవాలు రెండూ వస్తాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. తొమ్మిదేసి రోజుల చొప్పున, ఆ ఏడాది చార్టులో వాహనసేవలకు పద్దెనిమిది రోజులు కేటాయించాలి.