క్రీడా వీడియో గేములలో గుత్త హక్కుల ఒప్పందాలు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
క్రీడా వీడియో గేము కొనేవారు ఆటతో పాటు తాము ఎరిగిన జట్ల పేర్లను, చిహ్నాలను, ఆటగాళ్ల రూపాలను కూడా కోరుకుంటారు. వాటిని వాడుకునే అనుమతి ఒక్క సంస్థకే దక్కితే అది గుత్త హక్కు. ఈ హక్కు వ్యాపార విలువ పేర్ల ఆకర్షణలో కన్నా పోటీదారును నిలువరించడంలో ఎక్కువగా ఉన్నదని అమెరికన్ ఫుట్‌బాల్ గేముల చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

ధరల పోటీ – ఒప్పందం:
2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 'మాడెన్' గేము ధర సుమారు 50 డాలర్లు. సెగా ప్రచురించిన 'ఇ.ఎస్.పి.ఎన్. ఎన్.ఎఫ్.ఎల్. 2కె5' అదే ఏడాది జులైలో సుమారు 20 డాలర్లకే వెలువడింది. ఈ పోటీ మధ్య మాడెన్ ధర 30 డాలర్లకు దిగింది. డిసెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌తోను, ఆటగాళ్ల సంఘపు లైసెన్సింగ్ విభాగంతోను ఐదేళ్ల గుత్త ఒప్పందాన్ని ప్రకటించింది. మరుసటి ఏడాది మాడెన్ ధర తిరిగి 50 డాలర్లకు చేరింది.

2కె5ను రూపొందించిన విజువల్ కాన్సెప్ట్స్ నైపుణ్యం ఈ ఒప్పందంతో తరిగిపోలేదు. ఆ సంస్థ 2007లో విశ్రాంత ఆటగాళ్లతో, కల్పిత జట్లతో 'ఆల్-ప్రో ఫుట్‌బాల్ 2కె8'ను తయారు చేసింది. దానికి కొనసాగింపు రాలేదు. అసలు జట్లు లేని చోట ఆట నాణ్యత ఒక్కటే నిలబెట్టలేదనడానికి ఇది నిదర్శనం.

న్యాయ వివాదం:
ధరల పెరుగుదలపై కొనుగోలుదారులు 2008లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 2012లో 2.7 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. కళాశాల ఫుట్‌బాల్ గుత్త హక్కును కొంతకాలం పునరుద్ధరించబోమని సంస్థ అంగీకరించింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఒప్పందం మాత్రం చెక్కు చెదరలేదు.

పేరు – హక్కు:
ఫిఫా ఉదంతం మరొక కోణాన్ని చూపుతుంది. 1993 నుంచి వాడిన ఆ పేరును వదులుకుంటున్నట్లు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2022లో ప్రకటించి, 2023లో 'ఇ.ఎ. స్పోర్ట్స్ ఎఫ్.సి. 24'ను విడుదల చేసింది. లీగులతో, క్లబ్బులతో, ఆటగాళ్ల ప్రతినిధులతో వేర్వేరు ఒప్పందాలు చేతిలో ఉన్నందునే సమాఖ్య పేరు లేకున్నా గేము కొనసాగింది.

ముగింపు:
గుత్త హక్కు లీగుకు స్థిరమైన ఆదాయాన్ని, ప్రచురణకర్తకు పెట్టుబడిపై భరోసాను ఇస్తుందన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. అయితే 20 డాలర్ల ప్రత్యామ్నాయం అంగడి నుంచి తొలగిపోయాక ఆ భరోసా ఖరీదులో కొంత భాగాన్ని కొనుగోలుదారుడే మోశాడు. ఒప్పందం విలువను లెక్కించేటప్పుడు లీగుకు ముట్టిన సొమ్ముతో పాటు ఈ భారాన్ని కూడా పరిగణించాలి.