మిగిలిపోయిన మూడు అంకెల కథ

కంప్యూటర్ సైన్స్ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ పోస్టు. కొంచెం పొడవే, ఓపిగ్గా చదవండి.

కొత్తగా వచ్చింది పాతదానికన్నా మెరుగే అని అందరం అనుకుంటాం. ప్రతిసారీ అలా జరగదని ఒక చిన్న లూప్ చరిత్ర చెప్తుంది.

1003 అంకెలున్నాయి, ఒక్కోదానికి 5 కలపాలి. సీ భాషలో రెండు లైన్ల లూప్. ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా అంకెల మీద పని జరిగేలా కంపైలరే ఆ లూప్‌ని మార్చుకోవడాన్ని వెక్టరైజేషన్ అంటారు.

1976లో సేమూర్ క్రే తయారుచేసిన మొదటి క్రే-1 అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌కి చేరింది. అందులో 8 వెక్టర్ రిజిస్టర్లు, ఒక్కోదాంట్లో 64 అంకెలు పడతాయి. 1003ని 64తో భాగిస్తే 15 సార్లు పోయి 43 మిగులుతాయి. మరి ఆ 43 సంగతి? అందుకే వెక్టర్ లెంత్ అనే రిజిస్టర్ కూడా పెట్టారు. అందులో 43 అని వేస్తే అదే ఇన్‌స్ట్రక్షన్ 43 అంకెలు చేసి ఆగుతుంది. తర్వాత 64 అని వేసి 15 సార్లు తిప్పితే సరి. మిగిలినవాటికి వేరే కోడ్ అక్కర్లేదు. ఈ పద్ధతి పేరు స్ట్రిప్ మైనింగ్. ఓపెన్‌కాస్ట్ గనిలో నేలని పట్టీలు పట్టీలుగా తవ్వడం చూసినోళ్లకి ఈ పేరు వివరించక్కర్లేదు.

తర్వాత వెక్టర్ పని మామూలు పీసీల్లోకి వచ్చింది. ఇంటెల్ 1997లో ఎంఎంఎక్స్ తెచ్చింది, వెడల్పు 64 బిట్లు. 1999లో ఎస్ఎస్ఈతో 128, 2011లో ఏవీఎక్స్‌తో 256 అయింది. వెడల్పు పెరిగింది గానీ, క్రే పెట్టిన ఆ లెంత్ రిజిస్టర్ మాత్రం వీటిలో లేదు. 256 బిట్లలో 32 బిట్ల అంకెలు 8 పడతాయి. 125 సార్లు తిరిగితే 1000 అయ్యాయి, 3 మిగిలాయి. ఆ మూడింటి కోసం కంపైలర్ పాత లూప్‌నే మళ్లీ ఒకసారి రాస్తుంది. రెండు అర్రేలు మెమరీలో ఒకదానిమీదొకటి పడతాయేమోనని ముందు ఒక చెక్ పెడుతుంది. వేగం కోసం వెక్టర్ లూప్‌ని నాలుగు రెట్లు విప్పుతుంది కూడా. రెండు లైన్లు కాస్తా చాంతాడంత అవుతాయి.

అయితే ఏంటి అంటారా? చాలా ప్రాసెసర్లలో ఇన్‌స్ట్రక్షన్ల కోసం ఉండే మొదటి క్యాష్ 32 కేబీ మాత్రమే. కోడ్ ఉబ్బితే పనికొచ్చే వేరే కోడ్ బయటికి పోతుంది. లూప్ పదిసార్లే తిరిగేదైతే ఆ హంగామా అంతా దండగ. తక్కువ మెమరీ ఉండే చిన్న చిప్‌లలో అయితే కోడ్ అసలు పట్టకపోవచ్చు.

ఈ బరువు వల్లే కంపైలర్లు వెనకాడాయి. జీసీసీలో వెక్టరైజేషన్ 2005లో వచ్చింది. అందరూ ఎక్కువగా వాడే ఓ2 స్థాయిలో దాన్ని డిఫాల్ట్‌గా పెట్టింది మాత్రం 2022లో, జీసీసీ 12లో. అదీ అప్పట్లో షరతుతోనే: పాత లూప్ స్థానంలో వెక్టర్ కోడ్ పూర్తిగా సరిపోవాలి, మిగులు ఉండకూడదు.

ఈలోగా పాత ఆలోచన తిరిగొచ్చింది. 2016లో ఆర్మ్ ఎస్‌వీఈ ప్రకటించింది. అందులో ఏ అంకెల మీద పని చేయాలో, ఏవి వదిలేయాలో ప్రెడికేట్లు చెప్తాయి. 2021లో రిస్క్-ఫైవ్ వెక్టర్ ప్రమాణం ఆమోదం పొందింది. అక్కడ ప్రోగ్రామ్ "నా దగ్గర ఇంకా ఇన్ని ఉన్నాయి" అంటుంది, చిప్ "ఈసారి ఇన్ని చేస్తాను" అని జవాబిస్తుంది. చివరి మూడూ అదే లూప్‌లో అయిపోతాయి. అంటే క్రే దారే, నలభై ఏళ్ల తర్వాత.

ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు కూడా రిస్క్-ఫైవ్ మీదే కట్టినవి. కాబట్టి ఇది ఎక్కడో దూరంగా జరిగిన కథేం కాదు, మన పిల్లలు పనిచేయగల చోటే. ఒకే లూప్‌ని ఓ3తో ఒకసారి, ఓఎస్‌తో ఒకసారి కంపైల్ చేసి సైజ్ కమాండ్‌తో చూడండి, తేడా మీకే కనిపిస్తుంది.

మిగిలిపోయేవాళ్ల గురించి మొదట్లోనే ఆలోచిస్తే ఒక రిజిస్టర్‌తో పోతుంది. తర్వాత చూద్దాంలే అనుకుంటే ప్రతి లూప్‌లోనూ ఖర్చే. ఈ మాట చిప్‌లకే కాదని మనకి వేరే చెప్పాలా?