సేవ చేసే చేతికి సభ్యత్వం

షికాగోలో 1905లో పుట్టిన రోటరీ క్లబ్ పని సమాజ సేవ. అయినా ఆడవాళ్లకు అందులో సభ్యత్వం లేదు. కాలిఫోర్నియాలోని డువార్టే అనే చిన్న ఊరి క్లబ్ 1977లో ముగ్గురు మహిళలను చేర్చుకుంది. మరుసటి ఏడాదే దాని గుర్తింపు పోయింది. క్లబ్ కోర్టుకెక్కింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. 1989 నుంచి అన్ని దేశాల్లోనూ మహిళలను చేర్చుకుంటున్నారు.

ఈ క్లబ్బులే మన దేశంలో పోలియో చుక్కల పనికి డబ్బు, మనుషుల సాయం అందించాయి. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన వాళ్లలో మన అంగన్‌వాడీ, ఆశా అక్కచెల్లెళ్లు ఎందరో! 2014లో భారత్‌ను పోలియో లేని దేశంగా ప్రకటించారు.

పని మనం చేస్తున్నప్పుడు రిజిస్టర్‌లో పేరు, తీర్మానంలో మాట కూడా మనకుండాలి. మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుందాం.