సిమెంటు విడిచిన నది

నది ఒడ్డున ఊరు పుడుతుంది. పెరిగి పెద్దదయ్యాక ఆ నదినే మురుగుకాలవ చేస్తుంది. ఇది లోకమంతటా జరిగిన కథే. కానీ కాలవైపోయిన ఏటిని మళ్ళీ ఏరుగా మార్చుకున్న ఊరు ఒకటుంది. అదే సింగపూరు. ఆ ఏటి పేరు కల్లాంగ్. పొడవు పది కిలోమీటర్లే అయినా ఆ దేశంలో అదే పొడవైన నది.

ఒకప్పుడు పందుల దొడ్ల మురికి, బండ్లమీద తిండి అమ్మేవాళ్ళ చెత్త, ఇళ్ళ మురుగు అన్నీ అందులోకే చేరేవి. పదేళ్ళలో నదులు శుభ్రం కావాలని 1977లో ప్రధాని లీ క్వాన్ యూ గడువు పెట్టారు. 1987 నాటికి నీళ్ళు తేటపడ్డాయి. అయితే అందుకోసం వేలాది కుటుంబాలు ఉన్నచోటు వదిలి వెళ్ళవలసి వచ్చిందని మరువరాదు.

నీళ్ళు బాగుపడ్డా బిషాన్ పేటలో ఏరు మాత్రం సిమెంటు గోడల మధ్యే ఉండిపోయింది. వరదనీరు చప్పున పోవాలని అంతకు ముందే అలా కట్టారు. బిందెడు నీళ్ళు సిమెంటు వాకిట్లో పోసి చూడండి, క్షణంలో వీధిలో ఉంటాయి. అవే తులసికోట పక్కన మట్టిలో పోస్తే నిదానంగా ఇంకుతాయి. కిటుకంతా ఇందులోనే ఉంది.

2009లో ఆ గోడలు పగలగొట్టడం మొదలెట్టారు. గట్టు జారకుండా కొమ్మల మోపులు పాతారు, తీగబుట్టల్లో రాళ్ళు నింపారు, రెల్లు, మొక్కలు నాటారు. వేళ్ళు పాకేకొద్దీ గట్టు బలపడుతుంది. సిమెంటు పాతబడితే బీటలిస్తుంది, వేరు ముదిరితే పట్టు బిగిస్తుంది! పగిలిన సిమెంటు పెచ్చుల్ని కూడా పారెయ్యకుండా పార్కులోనే చిన్న గుట్టగా పేర్చారు.

2012కల్లా 2.7 కిలోమీటర్ల తిన్నని కాలవ 3.2 కిలోమీటర్ల వంపుల ఏరైంది. మామూలు రోజుల్లో సన్నగా పారుతుంది, పిల్లలు నీళ్ళలో కాళ్ళు తడుపుకుంటారు. వాన ముంచుకొస్తే సైరను మోగుతుంది, అందరూ పైకి వచ్చేస్తారు. అప్పుడు ఏరు పార్కు మైదానం మీదికి పరచుకుని, దాదాపు వంద మీటర్ల వెడల్పున సాగిపోతుంది. తర్వాతి ఏళ్ళలో నీటికుక్కలు కూడా పిల్లలతో సహా వచ్చి కాపురం పెట్టాయి.

మొక్కలు నాటడం ఒక్కటే అయితే ఇది జరిగేది కాదు. పక్కన పార్కు ఉంది కనుక ఏరు ఒళ్ళు విరుచుకోగలిగింది. అంగుళం అంగుళం ఆక్రమించి ఇళ్ళు కట్టేశాక ఏ ఏటికైనా మిగిలేది గోడలే. నదిని బాగుచెయ్యాలంటే ముందు దాని చోటు దానికి ఉంచాలమ్మా!